పాట వచ్చినవాళ్ళకి రీసెర్చ్ ఎందుకండీ? – ఈ నెల సంగీతం ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలూ మెయిళ్ళూ దాదాపు అన్నీ ఒకే విషయం మీదున్నాయి. పీజీలో సంగీతం చదువుతున్న పిల్లలు థియరీ పేపర్ని, రీసెర్చ్ మెథడాలజీ పేపర్ని చూసి బెంగపడిపోతున్నారు. అందుకని శ్రుతిపెట్టె ఏది కొనాలి, పిల్లలకి పాట ఏ వయసులో మొదలుపెట్టాలి లాంటి ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి, ఈ నెల శీర్షిక మొత్తం వీళ్ళకే ఇచ్చేస్తున్నా. పేర్లు వెయ్యట్లేదు, పేట పేర్లు మాత్రం ఉంటాయి.

ప్రశ్న: మేడమ్, నేను గాత్రంలో పీజీ మొదటి సంవత్సరం. చిన్నప్పటినుంచి పాడుతున్నాను, కచేరీలు కూడా ఇస్తున్నాను. ఇప్పుడు థియరీ అని మేళకర్తలు, గ్రంథాల పేర్లు, రాగలక్షణాలు అన్నీ బట్టీ పట్టమంటున్నారు. మా గురువుగారేమో పాట వస్తే శాస్త్రం దానంతట అదే వస్తుందంటారు. పాడేవాళ్ళకి ఇదంతా నిజంగా అవసరమా? – ఒక విద్యార్థిని, చిక్కడపల్లి

జవాబు: మీ గురువుగారి మాటలో నిజం ఉందమ్మా, కానీ సగమే. బట్టీ పట్టడం నాకూ ఇష్టం లేదు, పరీక్ష అయిన మర్నాడే మర్చిపోయే థియరీ ఎవరికీ ఉపయోగపడదు. కానీ ఆ గ్రంథాలు రాసినవాళ్ళు ఎవరో ఒకసారి చూడండి. సుబ్బరామ దీక్షితులు గారు ముత్తుస్వామి దీక్షితుల వంశంలోనివారు, స్వయంగా వాగ్గేయకారులు, 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఆయనదే, అది తెలుగులోనే రాశారు, తమిళదేశంలో కూర్చుని మన లిపిలో. అందులో ప్రతి స్వరం మీదా గమకాలకి, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరులకి, చిన్న చిన్న గుర్తులు వేశారు, ఇది కంపితం, ఇది స్ఫురితం, ఇది నొక్కు, ఇది రవ, ఇది జారు అని. గొంతులో, వీణ మీద జరిగేదాన్ని కాగితం మీదికి తేవడానికి ఒక పెద్ద మనిషి ఎంత కష్టపడ్డారో ఆ పేజీలు చూస్తే తెలుస్తుంది. థియరీ అంటే అది. పాడేవాళ్ళు, తాము చేస్తున్నదాన్ని పక్కవాళ్ళకి చెప్పడానికి చేసిన ప్రయత్నం.

72 మేళకర్తల (మిగతా రాగాలు పుట్టే తల్లి రాగాల) సంగతే తీసుకోండి, మీకు అది బట్టీ పట్టే పట్టికలా కనిపిస్తోంది కదా. 17వ శతాబ్దంలో తంజావూరు నాయకరాజు విజయరాఘవుడి కాలంలో వేంకటమఖి అనే పండితుడు చతుర్దండి ప్రకాశిక అనే గ్రంథంలో ఈ లెక్క వేసినప్పుడు, 72 మేళాలు సాధ్యమే గానీ వాడుకలో ఉన్నవి 19 అని ఆయనే చెప్పాడు. అంటే మిగతా 53 అప్పటికి ఉత్త లెక్క మాత్రమే, ఎవరూ పాడట్లేదు. తర్వాత వచ్చిన వాగ్గేయకారులు ఆ ఖాళీల్లోకి వెళ్ళి కృతులు కట్టారు, ఇవాళ మీరు కచేరీలో పాడే కొన్ని రాగాలు అలా పుట్టినవే. లెక్క ముందు వచ్చి పాట తర్వాత వచ్చిన సందర్భం ఇది, ఆనందభైరవి లాంటి పాత రాగాల్లో పాట ముందు ఉండి లెక్క తర్వాత దాని వెనక పరిగెత్తింది. ఈ రెండూ వేరని తెలిసినవాళ్ళకి పట్టిక బట్టీ పట్టాల్సిన పని ఉండదు, దానంతట అదే గుర్తుంటుంది.

ఆనందభైరవి అన్నాను కాబట్టి మీకొక పని చెప్తా. కొన్ని పుస్తకాల్లో అది 20వ మేళమైన నటభైరవి జన్యమని (దాన్నుంచి పుట్టిందని) ఉంటుంది, కొన్నింట్లో 22వ మేళమైన ఖరహరప్రియ జన్యమని ఉంటుంది. ఆ రెండు మేళాలకీ తేడా ఒక్క ధైవతమే, 20లో శుద్ధ ధైవతం, 22లో చతుశ్రుతి ధైవతం. ఏది కరెక్టని మీ లెక్చరర్ని అడక్కండి, మీకు వచ్చిన ఆనందభైరవి కీర్తనలన్నీ ఒక్కొక్కటే పాడుకుంటూ ధైవతం వచ్చిన ప్రతిచోటా ఆగి, ఇక్కడ ఏది పలుకుతున్నా, దాని ముందు ఏ స్వరముంది, తర్వాత ఏముంది అని రాసుకోండి. ఒక సాయంత్రం పని. అది అయ్యాక పుస్తకాలు ఎందుకు విడిపోయాయో మీకే అర్థమవుతుంది. అంతేకాదు, మీరు చేసింది రీసెర్చ్ కూడా, పేరు పెట్టకుండా మొదలుపెట్టేశారన్నమాట.

ప్రశ్న: నమస్తే అండీ. వయొలిన్ పీజీ రెండో సంవత్సరం, డిసర్టేషన్ ఇవ్వాలి. "త్యాగరాజ కృతులు – ఒక పరిశీలన" అని టాపిక్ పెట్టుకున్నాను, గైడ్ గారు ఓకే అన్నారు. కానీ ఎంత చదివినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు, నోట్సు మాత్రం పెరిగిపోతోంది. – అల్వాల్

జవాబు: బాబూ, మీరు పెట్టుకున్నది టాపిక్, అందులో ప్రశ్న లేదు. ప్రశ్న లేకపోతే ఏ పుస్తకం చదివినా అందులో ప్రతి పేజీ పనికొచ్చేలాగే కనిపిస్తుంది, అందుకే నోట్సు పెరుగుతోంది. పరిశీలన అని మాట పెట్టగానే మన పిల్లలంతా త్యాగరాజు జీవితం ఒక అధ్యాయం, ఆయన వాడిన రాగాలు ఒక అధ్యాయం, భక్తి ఒక అధ్యాయం, చివర ఉపసంహారం అని రాసేస్తారు, అందులో వయొలిన్ వాయించే మనిషికి మాత్రమే తెలిసేది ఒక్క వాక్యం కూడా ఉండదు. నాకు బాధ కలిగించేది అదే. పదిహేనేళ్ళు కమాను పట్టిన చెయ్యి మీది, ఆ చేతికి తెలిసింది థీసిస్‌లోకి రాకపోతే ఇంక ఎవరు రాస్తారు?

త్యాగరాజుగారి కృతులు మనకి శిష్యుల ద్వారా వచ్చాయి, వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం అని మూడు పరంపరలు ముఖ్యంగా చెప్తారు. ఒకే కృతికి పాఠాంతరాలు వేరు, సంగతుల (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరుల) సంఖ్య వేరు, ఒక్కోసారి ఎత్తుగడే వేరు. ఇప్పుడు మీరు ఒక్క కృతి తీసుకోండి, పల్లవి సంగతులు మాత్రమే. దొరికిన రికార్డింగులన్నీ వినండి, అచ్చయిన స్వరపాఠాలు పక్కన పెట్టుకోండి, మీ గురువుగారు నేర్పిన పాఠం కూడా ఒక ఆధారమే, దాన్నీ రాయండి. అప్పుడు అడగండి, గాత్రం వాళ్ళు పాడే ఈ సంగతిని వయొలిన్ మీద అదే తీగ మీద వేలు జార్చి వాయిస్తే ఒకలా, తీగ మారిస్తే ఇంకోలా వస్తోంది, ఏ వాద్యకారుడు ఏది ఎంచుకున్నారు, ఎందుకు? ఇది ప్రశ్న. దీనికి జవాబు లైబ్రరీలో ఉండదు, మీ చేతిలో ఉంటుంది, లైబ్రరీ దానికి సాక్ష్యం ఇస్తుందంతే.

ఇంకొకటి కూడా చూసుకోవాలి, జవాబు దొరికే ప్రశ్న ఏది, దొరకని ప్రశ్న ఏది అని. ఉదాహరణకి అన్నమయ్య సంకీర్తనలు. తిరుమల రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. కాబట్టి అన్నమయ్య ఆ పాటని ఎలా పాడాడు అని డిసర్టేషన్ మొదలుపెడితే రెండేళ్ళు పోయినా ఏమీ తేలదు, ఆధారమే లేదు కదా. అదే 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారూ తర్వాతివాళ్ళూ ఆ సాహిత్యానికి స్వరం కట్టినప్పుడు రేకుల మీదున్న రాగాన్ని ఎక్కడ ఉంచారు, ఎక్కడ మార్చారు, పల్లవిని ఏ కృతుల పద్ధతిలో నడిపారు అని అడిగితే ప్రతి వాక్యానికీ ఆధారం చూపించొచ్చు. మన భద్రాచల రామదాసు కీర్తనలూ అంతే, తానీషా కాలం నుంచి నోటికి నోటికి వచ్చినవి, మొదటి బాణీ వెతకడం కన్నా భజన గోష్ఠిలో పాడే బాణీకీ కచేరీ బాణీకీ మధ్య ఏం మారిందో చూడటం మేలు, రెండూ ఇవాళ వినపడుతున్నాయి కాబట్టి.

టాపిక్ పేరు మార్చడానికి మీ గైడ్ గారు ఒప్పుకుంటారు, వెళ్ళి అడగండి, సినాప్సిస్ దశలో మార్చడం మామూలే.

ప్రశ్న: నా సాధన మీద నేనే రీసెర్చ్ చేసుకోవచ్చా? అలా చేస్తే అది సొంత డబ్బా అవుతుంది, రీసెర్చ్ కాదు అని ఒక సీనియర్ అన్నారు. – వీణ విద్యార్థిని, నల్లకుంట

జవాబు: చేసుకోవచ్చు, నా దృష్టిలో కచేరీ చేసే విద్యార్థులు ముందు ఆలోచించాల్సింది ఇదే. కళని గురించి చేసే పరిశోధన, కళ కోసం చేసే పరిశోధన, కళ ద్వారా చేసే పరిశోధన అని క్రిస్టఫర్ ఫ్రేలింగ్ లండన్‌లో 1993లో విడదీసి చెప్పాడు, ఆ మూడోదాని మీద ఇప్పుడు చాలా దేశాల్లో సంగీతంలో డాక్టరేట్లు ఇస్తున్నారు. అంతకు ముందే 1960లో మాంటిల్ హుడ్ అనే అమెరికన్ పండితుడు పరాయి సంగీతాన్ని చదివేవాడు దాన్ని వాయించడం కూడా నేర్చుకుని తీరాలని పట్టుబట్టాడు. మీకు ఆ ఇబ్బంది లేదు, వాయించడం ముందే వచ్చు.

మీ సీనియర్ భయం కూడా కొట్టిపారెయ్యకండి. నా సాధన బాగుంది, నాకు మార్పు కనిపించింది అని రాస్తే అది నిజంగానే డబ్బా. దాన్ని రీసెర్చ్ చేసేది మీరు పెట్టుకునే కట్టుబాట్లు. తోడి గాంధారం తీసుకుందాం. పుస్తకంలో గ అని ఒకే అక్షరం, పేరు సాధారణ గాంధారం, కానీ ఎవరూ దాన్ని నిలబెట్టి వాయించరు, రిషభం దగ్గర్నుంచి మధ్యమం వైపు ఊగుతుంది. వీణ మీద ఆ ఊపుని తీగ లాగి తెస్తారు, ఏ మెట్టు మీద లాగాలనేదాంట్లోనే బాణీకీ బాణీకీ తేడా ఉంది. మీరు రెండు పద్ధతులనీ సాధన చేసి ఏది గాత్రానికి దగ్గరగా వస్తోందో చూడాలనుకున్నారనుకోండి. మొదలుపెట్టకముందే ఒక రికార్డింగ్ చెయ్యండి, ఇది చాలామంది మర్చిపోతారు, తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు. ఒకే పద్ధతితో నెలరోజులు చేసి బాగైంది అంటే పరీక్షకులు అడుగుతారు, నెలరోజులు ఏ పద్ధతిలో వాయించినా బాగవుతుంది కదా అని, వాళ్ళు అడగడం న్యాయమే. అందుకని సమానంగా కష్టమైన రెండు ప్రయోగాలు ఎంచుకుని ఒకదాన్ని ఒక పద్ధతిలో, ఇంకోదాన్ని రెండో పద్ధతిలో, ఒకే కాలం, ఒకే సమయం సాధన చెయ్యండి. చివర రికార్డింగులు కలగాపులగం చేసి, ఏది ముందుదో ఏది తర్వాతదో చెప్పకుండా ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళకి వినిపించి అభిప్రాయం రాయించుకోండి. మీ గురువుగారికి మీ చెయ్యి తెలిసిపోతుంది కాబట్టి ఆయన ఒక్కరితో సరిపెట్టకూడదు.

డైరీ మాత్రం ఏ రోజుది ఆ రోజే రాయాలి. సాధన గురించి బాగా పేరొచ్చిన అధ్యయనం ఒకటుంది, ఎరిక్సన్ అనే సైకాలజిస్టూ ఆయన సహచరులూ బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులతో చేసి 1993లో వేశారు, పదివేల గంటలు అని లోకమంతా చెప్పుకునే మాట అందులోంచి వచ్చిందే. వాళ్ళు విద్యార్థుల్ని చిన్నప్పటినుంచి ఎన్ని గంటలు సాధన చేశారో గుర్తు చేసుకుని చెప్పమన్నారు, దాంతోపాటు వారం రోజులు డైరీ కూడా రాయించారు. గుర్తు చేసుకుని చెప్పే లెక్క ఎప్పుడూ కొంచెం అటూ ఇటూ అవుతుంది, అందుకే ఆ పదివేల మాటని పట్టుకుని గొప్పలు చెప్పేవాళ్ళ కన్నా, అది ఎలా కొలిచారో చదివినవాళ్ళకే దాని బలమూ తెలుస్తుంది బలహీనతా తెలుస్తుంది. మీ డైరీలో వచ్చినవీ రానివీ రెండూ ఉండాలి, వేలు నొప్పి పుట్టి ఆపేసిన రోజు కూడా.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ వాడితేనే రీసెర్చ్ అంటున్నారు, ఏది నేర్చుకోవాలి? – సికింద్రాబాద్

జవాబు: వాడితేనే రీసెర్చ్ అన్నది తప్పు, కానీ నేర్చుకుంటే మంచిదే. ప్రాట్, సోనిక్ విజువలైజర్ రెండూ ఉచితం, రెంటిలోనూ పాడిన శ్రుతి గీతలా కనపడుతుంది, గమకం కంటికి కనిపించడం మొదటిసారి చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. కొలత సెంట్లలో ఉంటుంది, ఒక స్థాయికి (షడ్జమం నుంచి పై షడ్జమం దాకా) 1200 సెంట్లు, కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య 100. తంబూరాలో వినపడే అంతర గాంధారం దాదాపు 386, కీబోర్డుది 400, ఆ 14 సెంట్ల తేడా మీ చెవికి ముందే తెలుసు, ఇప్పుడు అంకెలో చూస్తారు. ముందు మీ షడ్జమం ఎక్కడుందో సరిగ్గా పెట్టుకోవాలి, లేకపోతే అన్ని అంకెలూ తప్పే. తంబూరా, మృదంగం కలిసిన కచేరీ రికార్డింగులో గీత చెదిరిపోతుంది, పంచమాన్ని మీ గొంతనుకుంటుంది, ఒక్కోసారి స్థాయే మార్చి చూపిస్తుంది, కాబట్టి తంబూరా ఇయర్‌ఫోన్లో పెట్టుకుని గొంతొక్కటే రికార్డు చెయ్యండి. గీత చూసి, పాత శాస్త్రం స్థాయికి చెప్పే 22 శ్రుతులు రుజువయ్యాయి అని రాసెయ్యకండి, దయచేసి. కదులుతున్న స్వరంలో ఎక్కడో ఒకచోట ఏ అంకె కావాలన్నా దొరుకుతుంది.

ప్రశ్న: మేడం, మాది సిద్దిపేట దిక్కు, హైదరాబాద్‌ల ఉండి చదువుతున్న. ఒగ్గు కథ మీద చెయ్యాలని ఉంది, మా తాతలనాటి నుంచి ఇంట్ల విన్నదే. కానీ అందుల ఏ రాగం ఉందో, ఏ మేళకర్తో రాయమంటున్నరు. నాకైతే అది అట్ల సరిపోదనిపిస్తుంది. – వారాసిగూడ

జవాబు: మీకు అనిపించింది కరెక్టే తమ్ముడూ, అనిపించినదాన్ని వదలకండి. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింట్లో నాకు బాగా నచ్చింది మీదే. కొమురవెల్లి మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పే కళాకారుడు మేళకర్త లెక్కలో పాడట్లేదు, ఆయనకి ఆయన లెక్కలున్నాయి. ఎప్పుడు గొంతు ఎత్తాలి, వంతపాట వాళ్ళు ఎక్కడ అందుకోవాలి, డోలు దెబ్బ ఎప్పుడు మారాలి, మాటలోంచి పాటలోకి ఎక్కడ దాటాలి, వీటికి వాళ్ళు వాడే మాటలు వాళ్ళకున్నాయి. మీరు ముందు ఆ మాటలు సేకరించండి. అలెన్ మెరియమ్ అనే ఆంత్రపాలజిస్టు 1964లో రాసిన పుస్తకంలో సంగీతాన్ని మూడు వైపులనుంచి చూడమన్నాడు, వినిపించే ధ్వని, దాన్ని చేసేటప్పుడు మనుషులు ప్రవర్తించే తీరు, దాని గురించి వాళ్ళ మనసులో ఉన్న ఆలోచన. మేళకర్త అడిగేవాళ్ళు మొదటిదాంట్లోనూ ఒక మూలనే చూస్తున్నారు. స్వరాలు రాయండి, తప్పులేదు, వాడిన స్వరాలు ఇవి అని చెప్పండి, కానీ రాగం పేరు పెట్టి ముద్ర వెయ్యకండి. గైడ్ గారికి ఈ వాదన మర్యాదగా, ఉదాహరణతో రాసివ్వండి, నోటితో చెప్తే తేలిపోతుంది.

రికార్డు చేసేముందు ఎందుకు చేస్తున్నారో, ఎక్కడ వాడతారో తెలుగులో చెప్పి, సరేనన్న మాట కూడా రికార్డులో ఉండేలా చూసుకోండి. కాపీ వాళ్ళకి ఇవ్వండి. వాళ్ళు ఒక రోజు మీకోసం కూర్చుంటే ఆ రోజు కూలి పోతుంది, అది ఇవ్వాలని నేనంటాను. యూట్యూబ్‌లో పెట్టేముందు మళ్ళీ అడగాలి, థీసిస్‌కి ఒప్పుకున్నంత మాత్రాన లోకానికంతటికీ ఒప్పుకున్నట్టు కాదు. ఇంట్లో విన్నదే అన్నారు కదా, ఆ సంగతి మొదటి అధ్యాయంలోనే చెప్పండి, మీరు బయటివాళ్ళు కాదని తెలిస్తే చదివేవాళ్ళు మీ మాటల్ని ఆ లెక్కన తూచుకుంటారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది? వేరేవాళ్ళ రాతలతో పోలిక పది శాతం దాటితే థీసిస్ తిప్పి పంపుతారట, నిజమేనా? – రామంతాపూర్

జవాబు: అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞానకేంద్రం, ఉస్మానియా ఆవరణలో ఉన్న ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీ, తెలుగు యూనివర్సిటీ లైబ్రరీ, ముందు ఈ నాలుగూ తిరగండి. బాలాంత్రపు రజనీకాంతరావుగారి ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము, శ్రీపాద పినాకపాణిగారి సంగీత సౌరభం తెలుగులోనే ఉన్నాయి, రెండూ చూడకుండా మొదలుపెట్టకండి. మద్రాస్ మ్యూజిక్ అకాడమీ జర్నల్ పాత సంచికలు ఇంటర్నెట్‌లో చదవొచ్చు. మీ టాపిక్ మీద ఇంతకు ముందు ఎవరైనా చేశారా అన్నది థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వెతకాలి, అది మొదటి రోజే చెయ్యాలి, ఏడాది అయ్యాక కాదు.

పది శాతం సంగతి నిజమే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు, 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి ఇమ్మంటారు, ఆపైన శిక్షలు పెద్దవి. కానీ ఇంగ్లీష్ పుస్తకంలోది తెలుగులో రాసుకుని, మెషిన్ పట్టుకోలేదు కదా అని ఊరుకోవడం మన దగ్గర ఎక్కువ, అదీ దొంగతనమే. ఎవరిదో చెప్పి వాడుకోండి, దాంతో మీ గౌరవం తగ్గదు, పెరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి పాటలో పీజీ చేసి రీసెర్చ్ అంటోంది. ఉద్యోగం వస్తుందా మేడమ్? – ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: ఖాయంగా వస్తుందని చెప్పలేనండీ. లెక్చరర్ ఉద్యోగం కావాలంటే నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గానీ చూసుకోవాలి, నెట్‌లో సంగీతం సబ్జెక్ట్ కోడ్ 16. మొదటి పేపర్ అన్ని సబ్జెక్టులకీ ఒకటే, 50 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో రీసెర్చ్ ఆప్టిట్యూడ్ కూడా ఉంటుంది, రెండోది సంగీతం, 100 ప్రశ్నలు, 200 మార్కులు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలనెలా ఫెలోషిప్ వస్తుంది, 2024 నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ అడ్మిషన్లకీ వెళ్ళొచ్చు. అమ్మాయిని మొదటి పేపర్ ఇప్పటినుంచే చదవమనండి, పాట బాగా వచ్చిన పిల్లలు చాలామంది ఆగిపోయేది అక్కడే. రోజూ చేసే సాధన మాత్రం తగ్గించనివ్వకండి, ఆ అమ్మాయి రీసెర్చ్‌లో ఏదైనా విలువైనది దొరికితే అది సాధనలోనే దొరుకుతుంది.